నొప్పి నేదు మేడం

డిసెంబరులో పాడేరు కొండల్లో హుకుంపేట వైపు వైద్య క్యాంపు పెట్టవద్దని మా బృందంలోవాళ్లు ఏటా అంటారు. పొద్దెక్కినా మంచు విడవదు. నడవగలిగినవాళ్లంతా కాఫీ కోతలకు పోతారు, నడవలేని ముసలివాళ్లు చలికి బయటికి రారు. అయినా ఆ ఏడాది వెళ్లాం. అక్కడి బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆటల పోటీలు జరుగుతున్నాయి. పెద్దవాళ్లకు కీళ్ల పరీక్షలు, పిల్లలకు ఆటల్లో తగిలే దెబ్బల గురించి నాలుగు మాటలు, రెండూ ఒకేచోట అయిపోతాయని ఆశపడ్డాను.

నేను విశాఖపట్నంలో ఎముకల డాక్టర్ని. ఆపరేషన్ థియేటర్లో తడబడని నేను మైకు పట్టుకుంటే తడబడతాను. ఆ రోజూ అంతే. ప్లాస్టిక్ మోకాలి బొమ్మను అటూ ఇటూ వంచి చూపిస్తూ, బెణికినచోట గట్టిగా మర్దనా చేయించుకోవద్దని, చన్నీళ్ల గుడ్డ చుట్టి కాలు ఎత్తు మీద పెట్టుకోమని, నొప్పితో ఆడొద్దని చెప్పాను. పిల్లలు బుద్ధిగా విన్నారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగాను. బయట ఈల వినపడగానే అందరూ ఒక్కసారి లేచి మైదానంలోకి పరిగెత్తారు.

తరువాత పెద్దవాళ్ల వరుస మొదలైంది. మొదట వచ్చిన అవ్వ నా స్టెతస్కోపును పక్కకు నెట్టి, "బిళ్లలొద్దు తల్లీ, సూదెయ్యి. బేగి ఎల్లిపోవాల" అంది. గొంతుక్కూర్చోవడం తగ్గించమంటే నన్ను జాలిగా చూసి, "మరి పొయ్యి ఎవుళు ఊదుతారు?" అని అడిగింది. పీట ఎత్తు పెంచుకోమని మాత్రం చెప్పగలిగాను.

అలా ఓ నలుగురిని చూశాక వ్యాయామం టీచరమ్మ ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. తొమ్మిదో తరగతి. ఈ ఏడాదే చెట్టంత ఎదిగిపోయిందని టీచరు మురిపెంగా చెప్పింది.

"మా కబడ్డీ టీము దీని మీదే నడుస్తాది మేడం. కుడి మోకాలు కొంచెం నొప్పంటంది. స్ప్రే కొట్టేత్తే సాయంత్రం ఫైనల్ ఆడేత్తాది."

మోకాలు చూశాను. వాపు లేదు, వేడి లేదు, ఎక్కడ నొక్కినా ఆ పిల్ల కనురెప్ప కదలలేదు. అంత బాగున్న మోకాలు నొప్పి పెడుతోందంటే నాకు నమ్మకం కుదరదు. గుమ్మందాకా నడిచి రమ్మన్నాను. వెళ్లేటప్పుడు కుడి పాదం బయటికి తిరిగి ఉంది. వచ్చేటప్పుడూ అంతే. బల్ల మీద పడుకోబెట్టి మోకాలు మడిచి మెల్లగా పొట్ట వైపు తెచ్చాను. తొడ తిన్నగా రాకుండా తనంతట తానే బయటికి ఒరిగిపోయింది. ఎడమ తొడ అలాగే మడిస్తే తిన్నగానే వచ్చింది.

ఎదిగే వయసులో తొడ ఎముక పైనున్న గుండ్రటి తల ఇంకా పూర్తిగా అతుక్కుని ఉండదు. మధ్యలో మెత్తటి పొర ఉంటుంది. కొందరు పిల్లల్లో ఆ తల పొర మీద నుంచి కొద్దికొద్దిగా జారుతుంది. జబ్బు తుంటిలో, నొప్పి మోకాలిలో. మెల్లగా జారినంతకాలం పిల్ల నడుస్తుంది, పరిగెడుతుంది, ఆడుతుంది. ఒక్కసారి గట్టిగా పడితే తల పూర్తిగా తప్పిపోవచ్చు. అప్పుడు దానికి రక్తం అందకుండా పోతే ఆ ఎముక చచ్చిపోతుంది. పదిహేనేళ్లయినా నిండకుండానే తుంటి పోయిన పిల్లల్ని చూశాను. కబడ్డీలో పడకుండా ఎవరాడతారు?

ఎక్స్‌రే లేకుండా ఏదీ ఖాయంగా చెప్పలేను. ఇది ఎక్కువగా ఒళ్లున్న పిల్లల్లో చూస్తాం, ఈ పిల్లేమో ఈనెపుల్లలా ఉంది. నేను పొరబడుతున్నానేమో. పొరబడకపోతే?

"జబ్బు మోకాలిలో కాదు, తుంటిలో ఉందేమో. తను ఇవాళ ఆడకూడదు. అసలు కాలు కింద పెట్టకూడదు" అన్నాను.

టీచరు ముఖం పాలిపోయింది. "మోకాలు నొప్పంటే తుంటంటారేటి మేడం?"

అమ్మాయి బల్ల మీద లేచి కూర్చుంది. "నొప్పి నేదు మేడం. ఇందాక ఉన్నాది. ఇప్పుడు నేదు."

మా వ్యాను ముసలివాళ్లను తేవడానికి పక్క ఊళ్లకు వెళ్లింది. ఆ ఊళ్లలో సిగ్నల్ లేక డ్రైవరుకు ఫోను కలవలేదు. బడి వంటాయన మోటారు సైకిలు తీసి, వ్యానును వెనక్కి పంపి, అమ్మాయి తల్లిని కూడా తీసుకొస్తానని బయల్దేరాడు. అమ్మాయిని వరండాలో బల్ల మీద పడుకోబెట్టి, కదలొద్దని మరీమరీ చెప్పి, నేను మళ్లీ వరుస దగ్గర కూర్చున్నాను.

చేతుల్లో ఒకరి తరువాత ఒకరి మోకాళ్లు. చూపు మాత్రం ఆ బల్ల మీదే. ఒక పెద్దాయన రెండు మోకాళ్లూ వంకరపోయి కొడుకు భుజం మీద ఆనుకుని వచ్చాడు. ఆయన కాలు తిన్నగా చాపించి కొలుస్తూ తలెత్తి చూశాను. బల్ల ఖాళీగా ఉంది.

ఎలా లేచానో, ఆయనతో ఏమన్నానో గుర్తులేదు. మైదానం వైపు పరిగెత్తాను. సాయంత్రం మంచు దిగిపోతుందని ఫైనల్ ముందే మొదలుపెట్టారట. పిల్లలు గీత చుట్టూ మూడు నాలుగు వరుసలుగా మూగి అరుస్తున్నారు. వాళ్లను తోసుకుని ముందుకు వెళ్లేసరికి ఆ పిల్ల జెర్సీ వేసుకుని, గీత దగ్గర నేలను తాకి నుదుటికి అద్దుకుంటోంది.

"ఆపండి!" అని అరిచాను. చెప్పులతోనే కోర్టులోకి దూరిపోయాను. రిఫరీ ఈల ఊదాడు. ఎవరో పకపకా నవ్వారు. నేను ఆమె రెండు భుజాలూ పట్టుకున్నాను.

"నొప్పి నేదు మేడం. ఒక్క రైడు. ఒక్కటే."

పెదవులు నీలంగా ఉన్నాయి. కుడి కాలి మీద బరువు వేయకుండా నిలబడిందని అప్పుడు గమనించాను. టీచరమ్మా నేనూ చేతులు పెనవేసి వాటి మీద కూర్చోబెట్టి మోసుకొచ్చాం. దారంతా ఆ పిల్ల పిడికిలితో నా భుజం మీద కొడుతూనే ఉంది. టీచరు మాత్రం, "నేను పిలవనేదు మేడం, ఒట్టు, నేను పిలవనేదు" అని గొణుగుతూ నడిచింది.

వ్యానులోంచి తల్లి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. కాఫీ తోట నుంచి తిన్నగా వచ్చింది, వేళ్లకింకా పండ్ల జిగురు ఉంది. కూతురిని ఒకసారి తల నుంచి కాళ్లదాకా తడిమింది. కిందికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయాల్సి రావచ్చంటే నా వైపు తిరిగింది.

"ఏటైనాది? నా గుంట నడుస్తాది కదా. నడిసే కాలికి ఆపరేషనేటి?"

గుప్పెట మీద అరచేయి పెట్టి, ఎముక తల ఇలా జారుతోందేమోనని పక్కకి జరిపి చూపించాను.

"మా అక్క కొడుకుని ఇలాగే కిందికి, పెద్దాసుపత్రికి తీసుకెల్నారు. తిరిగి రానేదు. ముందు ఇంటికెల్తాం. దిశారి సేత పూజ సేయించి, అప్పుడు సెప్తాను."

దిశారి అంటే వాళ్ల ఊరి పూజారి. మంచి చెడు ఆయన చూసి చెబితేనే ఏ పనైనా. ఆ ఊరికి వ్యాను పోదు, వాగు దాటి కొండెక్కాలి. అంత దూరం ఆ కాలితో నడవనివ్వకూడదు. పూజ వద్దని అనలేను, అనే హక్కూ లేదు.

"పూజకి గుంట అక్కడే ఉండాలా?" అని అడిగాను.

ఆమె వెంట వచ్చిన తన తమ్ముడితో వాళ్ల భాషలో ఏదో మాట్లాడింది. కూతురి జడ కొసనుంచి చిన్న వెంట్రుకల పాయ కత్తిరించి, పిల్లకు బదులు పూజలో ఉంచమని అతని చేతిలో పెట్టింది. అతను వెంటనే కొండ వైపు బయల్దేరాడు.

"నువ్వు కూడా మాతో వత్తావా?" అంది నాతో. "సెప్పినదానివి నువ్వే. నువ్వు లేకపోతే నేను రాను."

వరండాలో ఇంకా చాలామంది నా కోసం కూర్చున్నారు. కొందరు తెల్లవారకముందే ఇల్లు వదిలి వచ్చినవాళ్లు. వాళ్లను నా జూనియర్ డాక్టరుకు అప్పగించి వ్యానెక్కాను. వంకరమోకాళ్ల పెద్దాయన కొడుకు భుజం పట్టుకుని పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

పాడేరులో ఎక్స్‌రే తీయించాం. ముందు నుంచి తీసిన ఫిల్ము మామూలుగా ఉన్నట్టే కనిపించింది. తల్లి నా ముఖంలోకి చూస్తోంది. ఇంతమందిని వదిలి, ఒక పిల్ల ఆట చెడగొట్టి, తల్లిని భయపెట్టి తెచ్చింది దీనికేనా? పక్క నుంచి ఇంకొకటి తీయమన్నాను. ఆ కాసేపు గోడ మీద టీకాల పోస్టరు అక్షరం అక్షరం చదివాను, ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. రెండో ఫిల్ములో కనిపించింది. ఎముక తల వెనక్కి జారి ఉంది. ఇంకా పట్టు వదలలేదు.

నా అనుమానం నిజమైందన్న ఊరట ఒక్క క్షణం కూడా నిలవలేదు. విశాఖపట్నంలోని మా ఆసుపత్రికి ఇంకా ఘాట్ రోడ్డు దిగాలి. కాలికి రెండువైపులా దిండ్లు కట్టి, నేను వ్యాను నేల మీద కూర్చుని ఆ పాదం రెండు చేతులా పట్టుకున్నాను. ప్రతి మలుపులో డ్రైవరు మీద కసురుకున్నాను. పిల్ల కళ్లు మూసుకుని ఉంది. సగం దారిలో మొదటిసారి మాట్లాడింది.

"మేం ఓడిపోనామంట. పాడేరులో ఉన్నప్పుడు టీచరు డ్రైవరుకి ఫోను సేసినాది."

మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేశాం. చిన్న కోత, ఎముక తల ఇంక జారకుండా ఒక స్క్రూ. బయటికొచ్చి అంతా బాగా జరిగిందని చెప్తే తల్లి, "కాలు ఉన్నాదా?" అని అడిగింది. ఆమెను లోపలికి తీసుకెళ్లి దుప్పటి తీసి చూపించాను. బొటనవేలు పట్టుకుని, అది కదిలేదాకా వదల్లేదు.

అమ్మాయి మాత్రం డిశ్చార్జి అయ్యే రోజు వరకూ నాతో మాట్లాడలేదు. నేను వార్డులోకి వస్తే గోడ వైపు తిరిగేది. చంక కర్రలతో నడవడం నేర్పితే ఫిజియోథెరపిస్టు మాటే వింది. నాకు బాధనిపించలేదని చెప్పను.

మొన్న వానాకాలంలో తుంటి చూపించుకోవడానికి వచ్చింది. ఇంటరు చదువుతోంది. కుడి తుంటి చక్కగా అతుక్కుంది, ఆడుకోవచ్చన్నాను. నవ్వింది. నేను ఎడమ తుంటిని ఎక్కువసేపు తిప్పి చూస్తుంటే నవ్వు ఆగిపోయింది.

"ఇది కూడా జారిపోతాదా మేడం?"

"ఇప్పుడైతే బాగుంది. ఇంకొన్నాళ్లు చూస్తూ ఉండాలి. ఏ కాస్త నొప్పి వచ్చినా వెంటనే రావాలి."

"వత్తాను" అంది. నమ్మాలో లేదో నాకు తెలియలేదు. తల్లి అప్పటికే గేటు దగ్గరికి వెళ్లి, పాడేరు బస్సు వచ్చేసిందని కేకేసింది. పిల్ల సంచీ భుజాన వేసుకుని, తడి మెట్లు దబదబా దిగి, బస్సు కోసం పరిగెత్తింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని, ఆమె బస్సెక్కి కూర్చునేదాకా ఆ రెండు కాళ్ల వంకే చూస్తూ నిలబడ్డాను.