సీవార్డు కాపలా కాసిన మట్టి

సీవార్డు మామూలుగా చేసిన ఆఖరి పని, తన జోళ్ళలోంచి రాలిన మట్టిని పంది కెలుకుతుంటే చూస్తూ కూచోవడం.

ఈస్టరు పండక్కి ముందొచ్చే తపస్సుకాలంలో మూడోవారం అది. రాత్రి కురిసిన వాన అప్పుడే వెలిసింది. రోజూ పొద్దున్నే గుడికి వెళ్ళి, సమాధుల దొడ్డి చుట్టూ ఒకసారి తిరిగి, అక్కణ్ణించి ఊరిచివర కందకం దాకా పోయి ఆ తర్వాతే ఇల్లు చేరే మనిషి. ఆ వేళ మాత్రం చలిపుడుతోందని తిన్నగా వచ్చేశాడు. గడప మీద కాలు పెట్టాడో లేదో, కూతురు ఆల్దిత లోపల్నించి కేకేసింది.

"ఆగు నాన్నా! ఆ జోళ్ళతో లోపలికొస్తే ఊరుకోను. ఇప్పుడే ఊడ్చి చచ్చాను."

"కాసేపు మంట దగ్గర కూచుని మళ్ళీ పోతానే."

"కూచోడానికి జోళ్ళెందుకూ? ఇటియ్యి."

సీవార్డు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఆల్దిత వదిలే రకం కాదు. జోళ్ళు రెండూ లాగి, పందుల కొట్టం గోడకేసి టపటపా బాదింది. నల్లటి మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలిపడింది.

"ఇంత మట్టేసుకుని ఎలా నడుస్తావు? చచ్చినాయన జోళ్ళు నీకొద్దు, నీ కాళ్ళకి వదులు అంటే విన్నావా?"

ఆ జోళ్ళు పిండిమర యజమాని డ్రోగో వాళ్ళ అన్నయ్యవి. ఆయన పోయాక డ్రోగో ఇచ్చాడు. సీవార్డు పాదం పెట్టాక ఇంకో పిడికిలి పట్టేంత చోటు మిగిలేది వాటిలో.

పంది వచ్చి రాలిన మట్టిలో మూతి పెట్టింది. సీవార్డు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. చివరికి నవ్వాడు.

"పోన్లే. ఈ పూట పుణ్యం మన పందికి రాసిపెట్టి ఉంది."

ముసలాళ్ళ మాటలకి అర్థాలు వెతుకుతూ కూచుంటే జావ మాడిపోతుంది. ఆల్దిత లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆయనకి ఒళ్ళు కాలిపోతోంది.

ఎల్స్‌బీలో ముప్ఫై ఏళ్ళు గుడి గంట కొట్టిందీ, చచ్చినవాళ్ళకి గోతులు తవ్విందీ సీవార్డే. తవ్వడం అయ్యాక తనే ఒకసారి అందులో వెల్లకిలా పడుకుని చూసేవాడు, వీపుకి రాళ్ళేమన్నా గుచ్చుకుంటున్నాయేమోనని. గుచ్చుకుంటే లేచి, వెతికి, ఏరి పారేసేవాడు. "వాళ్ళకి గుచ్చుకుంటే నీతో చెప్పుకుంటారా? నా ప్రాణానికి బురద చొక్కాలు" అని భార్య గున్నిల్డా సణిగేది. సణుగుతూనే ఉతికేది. "నువ్వు పోయిన్నాడు నీ గోతిలో రెండుసార్లు పడుకుంటాలేవే" అనేవాడు. దానికామె ఊరంతా వినిపించేలా నవ్వేది.

అప్పుడు పోపుగారి నిషేధం వచ్చిపడింది.

దేశంలో గుళ్ళన్నిటికీ పెద్దదైన కాంటర్బరీ పీఠం మీద ఎవరు కూచోవాలన్నది తగువు. పోపుగారు ఒకర్ని కూచోబెడతానన్నారు, రాజుగారు వీల్లేదన్నారు. ఎద్దూ ఎద్దూ పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయి. పోపుగారు దేశం దేశానికే తాళం వేశారు. గంటలు ఆగిపోయాయి. పూజల్లేవు. పురిటి పిల్లలకి జ్ఞానస్నానం, చచ్చేవాళ్ళ పాపాలు వినడం, ఆ రెండే మిగిలాయి. చచ్చాక మాత్రం మంత్రించిన నేలలో ఎవరికీ చోటు లేదు. సమాధుల దొడ్డి తలుపు మూశారు. పోయినవాళ్ళని ఊరిచివర కందకం పక్కన, తెల్ల సుద్దనేలలో, కొవ్వొత్తి లేకుండా, మంత్రం లేకుండా పూడ్చేవారు.

మొదటి ఏడాది జనం దొడ్డిలోంచి మట్టి తీసుకుపోయేవారు. దోసెడు నల్లమట్టి, తాతలూ ముత్తాతలూ కలిసిన మట్టి, తీసుకెళ్ళి కందకం దగ్గర తమవాళ్ళ మీద చల్లుకునేవారు. అది పైవాళ్ళకి తెలిసి లింకన్ బిషప్పుగారి నుంచి జాబు వచ్చింది. ఊరి గుడి చూసే హామో గురువుగారు సీవార్డుని పిలిచి, సువార్త పుస్తకం మీద చెయ్యి వేయించారు.

"ఈ మట్టి ఎవరి చేతా బయటికి పోనివ్వకు సీవార్డూ. పోయిందంటే నా పీకకీ నీ పీకకీ ఒకటే తాడు."

"ఎవరి చేతా పోనివ్వనండి అయ్యగారూ."

ఆ మాట తప్పలేదాయన. బుట్టలు తెరిపించాడు, కొంగులు విప్పించాడు. పసిబిడ్డ పోయిన తల్లి పిడికిలి కూడా తెరిపించాడు. డ్రోగో అయితే మొహమ్మీదే అనేవాడు.

"ఏం బావా, పోపుగారు ఇవాళ ఎముక వేశారా, లేక ఊరికే మొరుగుతున్నావా?"

"ఆయన వేసిన తాళం ఆయనే తియ్యాలి బావా. నేను కాపలా వాణ్ణి."

మూడో చలికాలం గున్నిల్డా పోయింది. కందకం పక్కన ఆమె గోతిలో సీవార్డు నిజంగానే రెండుసార్లు పడుకున్నాడు. సుద్దలో చెకుముకి రాళ్ళు కత్తుల్లా ఉంటాయి. పొద్దుగుంకేదాకా ఏరుతూనే ఉన్నాడు.

మర్నాడు ఆల్దిత దొడ్డి వెనక గోడ దూకింది. తిరిగొస్తుంటే తండ్రి ఎదురుపడ్డాడు.

"చెయ్యి తెరువు."

"గుప్పెడు నాన్నా. ఒక్క గుప్పెడు."

"పారబొయ్యి."

"అమ్మకే కదా! వేరేవాళ్ళకా?"

"ఎవరికైనా. నీ చేత్తో బయటికి పోకూడదు. పారబొయ్యి."

ఆల్దిత పారబోసింది, నేల మీద కాదు, ఆయన కాళ్ళ మీద. "పోపుగారికే పెట్టుకో" అని వెళ్ళిపోయింది. మట్టి ఆయన జోళ్ళ అంచుల్లోంచి లోపలికి జారింది. ఆయన వంగి దులుపుకోలేదు. అలాగే కందకం వైపు నడుచుకుంటూ పోయాడు. అదంతా ఆమె మలుపు దగ్గర్నించి చూసింది. ఎంత మొండి మనిషో అనుకుంది.

ఆ రోజు నుంచి తండ్రికి జావ పోసింది, చొక్కాలు ఉతికింది, మనసు మాత్రం పెట్టలేదు. ఆదివారాలు తల్లి దగ్గరికి వెళ్ళేది. మిగతావాళ్ళ మీద సుద్దనేలలో గడ్డి ఎండి పలచగా ఉంటే, గున్నిల్డా మీద దట్టంగా, నవనవలాడుతూ ఉండేది. "బతికున్నప్పుడూ ఒళ్ళు చేసిన మనిషేగా" అని డ్రోగో వేళాకోళమాడాడు. ఆల్దిత నవ్వి, ఏడ్చి, ఊరుకుంది.

తర్వాత రాజుగారు లొంగిపోయారని కబురొచ్చింది. రాజ్యాన్ని పోపుగారి చేతిలో పెట్టి, మళ్ళీ ఆయన దగ్గరే కౌలుకి తీసుకున్నారట. "అయితే ఇప్పుడు మనమందరం రోము కౌలుదార్లమేనా? బాగుంది, తాళమన్నా తీస్తారా?" అన్నాడు డ్రోగో. తియ్యలేదు. ఎవరికి ఎంత నష్టపరిహారం అని పెద్దలు ఇంకో ఏడాది తగువులాడుకున్నారు. సీవార్డు మాత్రం తాళం తీశాక గున్నిల్డాని తెచ్చి పూడ్చుకోడానికి దొడ్డిలో చెట్టు కింద ఒక చోటు చూసిపెట్టుకున్నాడు. రోజూ అక్కడ నిలబడి, కబురొచ్చిందా అని దారి వైపు చూసేవాడు.

పంది మట్టి కెలికిన నాడు పట్టుకున్న జ్వరం మూడు రోజులుంది. హామో గురువుగారు వచ్చి పాపాలు విన్నారు. చాలాసేపు విన్నారు. బయటికొచ్చి ఆల్దిత మొహంలోకి చూసి, ఆమె తల నిమిరి వెళ్ళారు.

మూడోనాడు సీవార్డు కళ్ళు తెరిచాడు.

"ఆల్దీ, మీ అమ్మ కాళ్ళకి చలేస్తుందే."

"అమ్మకేం నాన్నా, బాగానే ఉంది. పడుకో."

"కాళ్ళొక్కటే మిగిలాయి."

జ్వరం మాటలనుకుంది. గొర్రెతోలు తెచ్చి ఆయన కాళ్ళ మీదే కప్పింది. మధ్యాహ్నానికి పోయాడు. ఇన్నేళ్ళు గంట కొట్టినవాడికి ఒక్క గంటయినా మోగలేదు. గున్నిల్డా పక్కనే పూడ్చారు. ఆ గోతిలో ఎవరూ పడుకుని చూడలేదు. ఆల్దితకి ఆ సంగతి ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది.

కోతలకి ముందు తాళం తీశారు. ఆరేళ్ళ మూడు నెలలకి ఎల్స్‌బీ గంట మోగింది. కొట్టినవాడికి చేతకాక తప్పుగా మోగింది. ఊళ్ళోవాళ్ళు పారలు పట్టుకుని కందకానికి బయల్దేరారు, తమవాళ్ళని లోపలికి తెచ్చుకోడానికి. ఆల్దితకి సాయం డ్రోగో వచ్చాడు.

పక్క గోతుల్లో పార వేసినచోటల్లా తెల్లగా సుద్ద లేచింది. డ్రోగో గున్నిల్డా తల దగ్గర పచ్చిక పెళ్ళ లేపాడు. అది వేళ్ళు తెగకుండా, దుప్పటి అంచులా సుళువుగా లేచింది, అంతకుముందు ఎన్నోసార్లు లేపి వేసినట్టు. కింద జానెడు మందాన మట్టి నల్లగా ఉంది.

"ఇది మన కందకం మట్టి కాదమ్మాయ్" అన్నాడు డ్రోగో. ఒక పిడికెడు తీసి చూశాడు. తర్వాత గోతిలోకి కాదు, తన అన్న జోళ్ళకేసి చూశాడు. ఆల్దిత ఆ వేళ అవే తొడుక్కొచ్చింది.

ఆమె మోకాళ్ళ మీద కూచుని, పచ్చిక పెళ్ళలు ఒక్కొక్కటే చేత్తో లేపుకుంటూ వచ్చింది. తల దగ్గర నలుపు. గుండెల మీద నలుపు. నడుము, మోకాళ్ళు, పిక్కలు, అంతా నలుపే.

పాదాల దగ్గర, రెండు జోళ్ళు పట్టేంత మేర, నేల ఇంకా తెల్లగానే ఉంది.