కట్టు విప్పిన పడవ

చెక్క పలక మీద నదిని పారించగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే. ఆయన అసలు పేరు ఇంటి గుమ్మం దాటి ఎన్నడూ బయటికి రాలేదు. అందరికీ ఆయన నీళ్లాయన. చదువు పల్లెటూరి బడిలో ఐదో తరగతితో ఆగింది. అయినా ఓడరేవు ఆఫీసు హాల్లో అద్దాల పెట్టెలో ఎగిసిపడే సముద్రం ఆయన చేసిందే. పెద్ద హోటల్ మెట్ల పక్కన దూదితో, జిగురు పోగులతో దూకుతున్న జలపాతమూ ఆయనదే. ఒకసారి వాన వెలిసిన వీధిని చేశాడు. దాని గుంటల్లో నిలిచిన నీళ్లలో వీధి దీపం నీడ కనబడేది. ఆనకట్ట నమూనా చూడ్డానికి వచ్చిన ఇంజనీరు గేటు కింది నురగ తడిగా ఉందేమోనని జేబురుమాలు తీశాడు. ఇవేవీ గొప్పకు చెప్పే మాటలు కావు. చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, అడగవచ్చు.

అయితే ఆ సముద్రాల్లో, కాలువల్లో ఒక విషయం ఎవరూ గమనించలేదు, ఆయన భార్య తప్ప. ఎక్కడ పడవ ఉన్నా అది ఒడ్డుకు కట్టేసే ఉండేది.

దానికి కారణం లేకపోలేదు. వయసులో ఉన్నప్పుడు ఒక నమూనాలో లాంచీని నడి సముద్రంలో పరుగెత్తించబోయాడు. దాని వెనక తెల్లరంగు కుప్పపోసి నురగ అన్నాడు. చూసిన ఓడ కళాసీ ఒకడు, పెరుగులో గరిట దిగబడిందే అన్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వారు. అప్పట్నుంచీ ఆయన చేతిలో ఏ పడవా కదల్లేదు.

కదలనిది పడవే. ఆయన మాత్రం ఒక్క చోట కూర్చునే మనిషి కాదు. నీళ్లు చేసేవాడికి ముందుగా కావలసింది ఓపిక, ఆయనకు లేనిదీ అదే. రెజిన్ అనే జిగురులో గట్టిపరిచే మందు కలిపి, బుడగ లేవకుండా మెల్లగా తిప్పి, పల్చగా ఒక పొర పోయాలి. అది గట్టిపడేదాకా ముట్టుకోకూడదు. తర్వాత ఇంకో పొర. తొందరపడి మందంగా పోస్తే లోపల వేడెక్కి పగుళ్లిస్తుంది. ఇవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. వచ్చినా, పొర పోసిన ప్రతిసారీ కాలు కాలిన పిల్లిలా వంటింటికీ వీధి గుమ్మానికీ తిరిగేవాడు.

ఈసారి తిరుగుడు మరీ ఎక్కువైంది. కొత్త వంతెన పక్కన కట్టిన హాల్లో పెట్టడానికి పాత రేవు నమూనా చేయమన్నారు. ఆ రేవులో వయసంతా పడవ నడిపింది ఆయన బావమరిదే. వంతెన వచ్చాక పడవ పొయ్యిలోకి పోయింది. ఇక ఆ మనిషి చేసిన పనికి గుర్తు అంటూ మిగిలేది ఈ పలక ఒక్కటే.

చివరి పొర పోసే ముందు బావమరిది చూడ్డానికి వచ్చాడు. రేవు మెట్లు, రాళ్ల మీద పాచి, బురద కలిసిన టీ రంగు నీళ్లు అన్నీ మెచ్చుకున్నాడు. మెట్ల పక్కన గుంజకు కట్టిన పడవనీ, అందులో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అంగుళం బొమ్మనీ చాలాసేపు చూశాడు.

"బాగుంది బావా. నాకు సెలవిచ్చినట్టున్నావు" అన్నాడు.

"సెలవేమిట్రా?"

"జ్వరమొచ్చినప్పుడు తప్ప నేనెప్పుడు కూర్చున్నాను అలా?"

కోపంగా అనలేదు. మంచినీళ్లు తాగి, అక్కతో కాసేపు మాట్లాడి వెళ్లిపోయాడు. కోప్పడి ఉంటే నీళ్లాయన రెండు తిట్టి మర్చిపోయేవాడు. ఆ మాట మాత్రం చెప్పులో రాయిలా ఉండిపోయింది.

మర్నాడు చివరి పొర పోశాడు. ఆ మరుసటి పొద్దున్నే వ్యాను వస్తుంది. భార్య పలక మీద దుమ్ము పడకుండా అట్టపెట్టె బోర్లించి, కాస్త వీధిలో తిరిగి రమ్మని ఆయన్ను పంపేసింది. ఆయన సైకిల్ షాపు దాకా వెళ్లాడు. షాపువాడు ఏదో అడిగితే జవాబు చెప్పకుండానే వెనక్కి తిరిగాడు. ఇంట్లోకి వచ్చి పెట్టె ఎత్తాడు. నీళ్లు తళతళలాడుతున్నాయి. అది ఆరిన మెరుపా, పచ్చి మెరుపా? చూస్తే తెలియదు. వేలితో చూస్తే తెలుస్తుంది.

తెలిసింది. పచ్చిదే. సరిగ్గా నది నడిమధ్యలో, ఆయన బొటనవేలి గీతలన్నీ అచ్చుగుద్దినట్టు దిగాయి.

"వేలు పెట్టేశారా?" అంది భార్య వంటింట్లోంచి, తిరిగి చూడకుండానే.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. గరుకు కాగితంతో రుద్దితే నీళ్లు మసకబారతాయి. ఇంకో పొర పోస్తే వ్యాను వచ్చేసరికి గట్టిపడదు. గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ, తనను తాను తిట్టుకుంటూ, మధ్యలో బావమరిదిని కూడా తిట్టాడు. భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి మచ్చను చూసింది.

"మీ వేలు పడ్డ చోట పడవ పెట్టండి. అది ఒడ్డున కూర్చుని ఏం సాధిస్తోంది?"

"నడి నదిలో పడవంటే నీళ్లు చీలాలే."

"చీల్చండి. వద్దన్నదెవరు?"

"పెరుగవుతుంది" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"ఆ మాట అన్నవాడు ఇప్పుడెక్కడున్నాడో ఎవరికి తెలుసు. నా తమ్ముడు మాత్రం రేపొస్తాడు."

ఆయన పలక మీదికి వంగాడు. సన్నటి బ్లేడుతో పడవను ఒడ్డు నుంచి ఊడదీశాడు. గుంజకున్న తాడు మాత్రం అలాగే వదిలేసి, కొసను నీళ్లలోకి జార్చాడు. బొమ్మ చేతులు భుజాల దగ్గర కోసి, ముందుకు వంగేలా మళ్లీ అతికించాడు. పళ్లు కుట్టుకునే పుల్లను చెక్కి తెడ్డు చేశాడు. పడవను వేలిముద్ర మీద, ముక్కు అవతలి ఒడ్డు వైపు ఉండేలా కూర్చోబెట్టాడు. తర్వాత అలలకు వాడే చిక్కటి జిగురు తీసి, కుంచె కొసతో పడవ ముక్కుకు అటూ ఇటూ రెండు పల్చటి గీతలు లాగి, వెనక్కి పోయేకొద్దీ విడదీశాడు. వాటి మధ్య చిన్నచిన్న సుడులు తిప్పాడు.

ఆ జిగురు పూసినప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితేనే అద్దంలా మారుతుంది. అది తెలిసినవాడే. కానీ కళ్ల ముందు కనబడుతున్నది మాత్రం పెరుగే. ఒకసారి తుడిచేద్దామని గుడ్డ తీశాడు. భార్య ఆ గుడ్డ లాక్కుని, పచ్చి బఠాణీల బుట్ట తెచ్చి ఒళ్లో పెట్టింది. ఒలిచినంతసేపూ ఆయన మోకాళ్లు ఆడుతూనే ఉన్నాయి. సగం గింజలు నేలపాలయ్యాయి.

తెల్లారేసరికి పెరుగు పోయింది. నీళ్లు చీలి ఉన్నాయి, తడిగా, వంకరగా, వెలుగు పడిన చోటల్లా కదులుతున్నట్టు. పడవ ముక్కు కింద ఒక్కచోట ఇంకా పాలపొర మిగిలింది. ఆయన కళ్లకు అదొక్కటే కనబడుతోంది.

వ్యాను మనుషులతో పాటు బావమరిదీ వచ్చాడు. పలక ఎత్తుకు కళ్లు వచ్చేలా వంగాడు. ముందు గుంజను చూశాడు, తర్వాత నీళ్లలోకి వేలాడుతున్న తాడును, తర్వాత దాని దారినే నది మధ్యకు. నీళ్లాయన చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు.

"అవతలి ఒడ్డున ఎవరో పిలిచినట్టున్నారు" అన్నాడు బావమరిది. అతని చేయి తనకు తెలియకుండానే లేచి, పడవ వెనక చీలిన నీళ్ల మీదికి వెళ్లింది.

"ముట్టుకోకురా. ఇంకా పచ్చిగా ఉంది" అన్నాడు నీళ్లాయన.

తలుపు వెనక నుంచి భార్య నవ్వు వినబడింది. "చెప్పేదెవరో చూడు తమ్ముడూ" అంది.

వ్యాను మెల్లగా కదిలింది. గుంతలు చూసుకుని పొమ్మని డ్రైవరుకు చెబుతూ నీళ్లాయన పక్కనే నడిచాడు, చేతులు రెండూ వీపు వెనక గట్టిగా కట్టేసుకుని.