ఎర్ర తలుపు దాటని వీరుడు

దయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. నా చదువు పదో తరగతితో ఆగినా, మా ఖరగ్‌పూర్ లైబ్రరీలో సైన్సు పత్రికలన్నీ తిరగేసినదాన్ని.

మా నాన్న అప్పన్న ఇంజిన్ డ్రైవరు. డ్యూటీలోనే గుండె ఆగి పోయారు. ఆ రోజు ఆయన రెడ్ సిగ్నల్ దాటేశారని మేముండే రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పుకారు. ఆ మాటలు వినలేక అమ్మ వీధి కుళాయి దగ్గరికి వెళ్లడమే మానేసింది.

తొంభైల మొదట్లో మా మేనత్త కొడుకు సూరిబావ ఊరి పక్క హిజ్లీలో, కాలేజీ కంప్యూటర్ల గది చూసుకునేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం నాకక్కడ నేలమాళిగల్లో తిరిగే ఆట చూపించాడు. పాత ఆటల్లో మనం అడుగేస్తేనే రాక్షసుడూ అడుగేస్తాడని చదివాను. ఇది అలా కాదు. మనం ఆగినా రాక్షసులు ఆగరు, కొట్టి చంపుతారు. దారిలో తలుపులు ఎర్రగా ఉంటాయి, కాసేపటికి పచ్చబడతాయి. ఎర్రగా ఉన్నా తోసుకుపోవచ్చు.

ఆటలో మనం నడిపే వీరుడికి నాన్న పేరు పెట్టాను.

మొదటి ఎర్ర తలుపు దగ్గరే ఆగిపోయాడు. మీట ఎంత నొక్కినా కదలడు. వెనక అస్థిపంజరం బాదుతోంది.

“ఏటే అలా సూస్తన్నావు? తొయ్యి! సచ్చిపోతాడు!”

“నొక్కతానే ఉన్నాను బావా!”

“తప్పుకో. నీ లైబ్రరీ సదువు దీనికి పనికిరాదు.”

బావ నొక్కినా అంతే. విసుగొచ్చి చేతులు తీసేశాడు. తలుపు పచ్చబడింది. వీరుడు అక్కడే నిలబడి ఉన్నాడు.

ఇంజిన్‌లో డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నల్ రంగు ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. చిన్నప్పుడు రైల్వే గేటు దగ్గర నాన్న నాతోనూ చెప్పించేవారు. ఆ అలవాటుకొద్దీ “గ్రీన్” అన్నాను.

వీరుడు నడిచాడు. మీటల మీద ఎవరి చెయ్యీ లేదు.

ఆ కంప్యూటర్‌కు మైకు లేదు. మీటలు చెడిపోలేదు. బావ తన పేరుతో ఆడితే వీరుడు ఎర్ర తలుపులన్నీ తోసుకుపోయాడు. మళ్లీ నాన్న పేరు పెట్టాం. మళ్లీ ఆగాడు.

ఆ పుకారు మోసినవాళ్లలో బావా ఒకడు. తెర వంకే చూస్తూ, “దెబ్బలు తింటన్నాడు గానీ దాటడే మావయ్య” అన్నాడు.

సాయంత్రం మా ఇంటికొచ్చి జరిగినదంతా అమ్మకు చెప్పాడు. అమ్మ కళ్లు తుడుచుకోలేదు. “నాకు తెలీనిదేటి నాయినా? ఎల్లి ఈదిలో సెప్పు” అంది. వెళ్లి చెప్పాడు.

ప్రోగ్రాములో లోపమేమోనని ఎన్నో పుస్తకాలు వెతికాను. జవాబు దొరకలేదు. అలా ఎందుకు జరిగిందో ఈ రోజుకీ చెప్పలేను. అది దయ్యమంటే ఒప్పుకోను. నాన్న రెడ్ దాటారంటే అసలే ఒప్పుకోను.