ఉప్పు బట్టల మూట

ఒక దేశం మరో దేశం మీద ఆర్థిక ఆంక్షలు పెట్టిందని పేపర్లో చదివినప్పుడల్లా ఆ రెండు దేశాల పేర్లూ నా డైరీలో రాసుకుంటాను. అక్కడి ఇళ్లల్లో ఉప్పు ఉందో లేదో మాత్రం ఏ పేపరూ రాయదు.

పోలీసు చర్యకు ముందటి వానాకాలంలో మా ఇబ్రహీంపట్నంలో ఉప్పు లేదు. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఒక ఆముదాల వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా మెట్ట చెల్కల్లో పండిన గింజలు రైల్లో బొంబాయికి, అక్కడి నుంచి ఓడల్లో పరాయి దేశాలకు పోయేవి. సంస్థానానికీ యూనియన్‌కూ చెడ్డాక సరిహద్దులు మూసుకున్నాయి. మా గింజలు గోదాములోనే ఉండిపోయి ఎలుకల పాలయ్యాయి. బయటి నుంచి రావలసిన ఉప్పు, కిరసనాయిలు, మందులు రావడం మానేశాయి.

మా చెల్లెలు విషజ్వరం నుంచి అప్పుడే లేచింది. ఉప్పులేని గంజి నోట్లో పెట్టగానే కక్కేది. రోజురోజుకూ చిక్కిపోతోంది.

ఉప్పు దొరకకపోవడం ఒక భయం, దొరకడం ఇంకో భయం. ఎవరి దగ్గరైనా పిడికెడుకు మించి కనిపిస్తే అడవిలోని తిరుగుబాటు దళానికి మోస్తున్నాడని సర్కారు తుపాకులవాళ్లు పట్టుకుపోయేవారు. మా వీధి చివరి కమ్మరిని అట్లాగే తీసుకుపోయారు. అతను తిరిగి రాలేదు.

మా మేనత్తది కృష్ణ ఒడ్డు ఊరు. అవతలి గట్టు యూనియన్‌ది, అక్కడ చుట్టాలున్నారు. వాళ్లు చిక్కటి ఉప్పునీళ్లు కాచి, అందులో పంచెలు నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టేవారు. నాలుగైదు సార్లు అట్లా చేస్తే పంచె గంజి పెట్టినదానికన్నా బిర్రుగా అయ్యేది. ఇంటికి తెచ్చి నీళ్లలో పిండి, కాచుకుంటే ఉప్పు. అత్త అట్లాంటి పంచెలు ఆరు మూటగట్టుకుని యాచారం దాకా వచ్చింది. నేను బండి కట్టుకుని ఎదురుపోయాను.

తిరుగు దారిలో తుంపర మొదలైంది. మూట మీద గోనె కప్పాను. ఆ తుంపరలో కూడా నేను నుదుటి చెమట తుడుచుకోవడం అత్త చూసింది.

"చెమటలు పట్టకు అల్లుడా. చెమటల గూడ ఉప్పుంటది, నిన్నే పట్టుకపోతరు," అంది.

నాకు నవ్వు రాలేదు.

ఊరి బయట తనిఖీ నాకా దగ్గర తుపాకులతో ఇద్దరున్నారు. ఒకడు పడుచువాడు, ఇంకొకడు నెరిసిన మీసాలవాడు. చలికి గుడిసె ముందు మొద్దులు వేసి మంట పెట్టుకున్నారు. పడుచువాడు మూటను కిందికి లాగించాడు. నా కర్మకొద్దీ అది ఎడమ ఎద్దు ముట్టె ముందే పడింది. తడిసిన మూటను ఎద్దు నాకడం మొదలుపెట్టింది. పలుపు పట్టి గుంజాను. ఆగలేదు. బట్ట నోట్లోకి తీసుకుని చప్పరించసాగింది.

"ఏం రా, నీ ఎద్దు బట్టలు మేస్తదా?" అన్నాడు పడుచువాడు.

అత్త బండి దిగింది.

"ముట్టకు బిడ్డా! గత్తరొచ్చి సచ్చిన మా మరిది బట్టలు. వాగుల ఉతుకుదామని తీస్కపోతున్న. ఎద్దు గూడ సస్తదేమో, కొట్టు అల్లుడా దాన్ని!"

గత్తర పేరు వినగానే పడుచువాడు పది అడుగులు వెనక్కి పోయాడు. ఊళ్లల్లో కలరా నిజంగానే ఉంది. బతికిపోయామనుకున్నాను. వాడు గుడిసెలోకి పోతూ అరిచాడు.

"ఉతుకుడు గితుకుడు లేదు. మంటల ఎయ్యి. పెద్దాయనా, పూర్తిగ కాలిందాక చూడు!"

పెద్దాయన తువాల ముక్కుకు కట్టుకుని తుపాకీ నా వైపు తిప్పాడు. నేనే ఒక్కొక్క పంచె మంటలో వేశాను. చెల్లెలి మొహం కళ్లముందు ఆడింది. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. దిష్టి తీసి పొయ్యిలో ఉప్పు వేస్తే ఏమవుతుందో పిల్లలకు కూడా తెలుసు.

తడి ఆరేదాకా పొగ వచ్చింది. తర్వాత చిట్‌మంది. ఆ వెంటనే చిటపట చిటపట, ఆగకుండా.

పెద్దాయన తల వంచి విన్నాడు. మంట వైపు, నా వైపు, గుడిసె వైపు చూశాడు. ముక్కుకు కట్టుకున్న తువాల విప్పాడు. కమ్మరి భార్య గుమ్మంలో నిలబడి ఉండే తీరు గుర్తొచ్చింది. మా అమ్మ అట్లాగే నిలబడుతుందనుకున్నాను.

"మస్తు దిష్టి తగిలింది మీ మరిదికి," అన్నాడు మెల్లగా.

మళ్లీ గుడిసె వైపు చూశాడు.

"బూడిద ఎత్తుండ్రి. సగం నాకు."

"బూడిదేం జేసుకుంటవన్నా?" అంది అత్త.

"నీళ్లల్ల కలిపి, వడగట్టి, కాగబెడ్త. మీరు గట్ల చెయ్యరా? నా ఇంట్ల నెల సంది ఉప్పు లేదు. సర్కారు తుపాకిచ్చింది గని ఉప్పియ్యలేదు."

వేడి బూడిదను అతని తువాలలో సగం, అత్త కొంగులో సగం ఎత్తాను. వేళ్లు కాలాయి. అతను ముడి వేసుకుని లేచాడు.

"వచ్చే బేస్తవారం నేనొక్కన్నే ఉంట. మళ్ల తీస్కరా. రాలేదనుకో, నీ ఇల్లు నాకెర్కే."

ఇంటికి వచ్చాక అమ్మ బూడిద నీళ్లు నాలుగు మడతల బట్టలో వడగట్టి కాచింది. అడుగున మట్టిరంగు పొర మిగిలింది. పొగ వాసన, కాస్త చేదు. చెల్లెలు గంజి కక్కకుండా రెండు గిన్నెలు తాగి, ఇంకా కావాలంది. అత్త నా వైపు చూసింది.

"ఇంకో మూటకు కబురు పంపాలె," అంది.

బేస్తవారానికి అయిదు రోజులున్నాయి.