గోడకూ ఒక గడువు

గోడలకు చెవులుంటాయంటారు గానీ, టైలరక్క గోడకు నోరు కూడా వచ్చింది. పక్కింటి బేకరీ అన్నయ్య కొత్త పొయ్యి కోసం పునాది తవ్విస్తే నిలువునా బీటలు వారింది. అందులోకి చెయ్యి దూరుతుంది. ఆ గోడ పక్కనే కుట్టుమిషను, ఆ మిషను మీదే అక్క బతుకు.

అడిగి సాధించుకునే మనిషి కాదామె. కూలి ఎగ్గొట్టినవాళ్లకు కూడా ఊరికే గుండీలు కుట్టిపెట్టే రకం. దాదాపు మూడేళ్లుగా రోజూ పొద్దున్నే అన్నయ్య వేడి బన్ను తెచ్చి మిషను మీద పెట్టి, "వచ్చే నెల కట్టించేస్తా చెల్లెమ్మా" అనేవాడు. బన్ను వస్తున్నంత కాలం మాట బతికే ఉంటుందనీ, మాట బతికున్నంత కాలం కోర్టు గడువు కదలదనీ అక్క నమ్మకం. పిచ్చి నమ్మకం!

ఒకరోజు అన్నయ్య రెండు బన్నులు పెట్టి, పలకరించకుండానే వెళ్లిపోయాడు. కాసేపటికి అక్క చెల్లెలి కూతురు, లాయరమ్మాయి, వచ్చి సంగతి విని తల పట్టుకుంది.

"నష్టం జరిగిన మూడేళ్లలోపు దావా వెయ్యాలి పెద్దమ్మా. ఆయన మాటిచ్చినంత మాత్రాన గడువు ఆగదు. ఇవాళే ఆఖరు. రేపు ఆయన కాదంటే అడిగే దిక్కుండదు."

"అన్నయ్య మీద కేసా? ఏ మొహం పెట్టుకుని ఆ బన్ను తిననే?"

"గోడ మీద పడితే తినడానికి నువ్వుండాలిగా!"

రెండో బన్ను కాగితంలో అలాగే ఉంది. దాన్ని చూసి అక్క ఏడ్చింది. ఏడుస్తూనే కోర్టుకు వెళ్లి సంతకం పెట్టింది. చిన్న వీధి కదా, సాయంత్రానికే కబురు పాకిపోయింది.

మర్నాడు బన్ను రాలేదు. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. అక్క మిషను తొక్కుతోంది గానీ కుట్టు వంకర పోతోంది. ఒంటరి మనిషి, పొద్దున్నే పలకరించే గొంతు అదొక్కటే. దాన్నీ పోగొట్టుకున్నాననుకుంది.

అప్పుడొచ్చాడు అన్నయ్య, కళ్లు నులుముకుంటూ, చల్లారిన బన్నుతో.

"మొద్దు నిద్ర పట్టేసింది చెల్లెమ్మా."

అక్క మిషను తొక్కడం ఆపింది.

"నిన్నటిదాకా నాన్చితే చాలు, గండం గడిచినట్టేనని మా లాయరు ఎప్పుడో చెప్పాడు. నేనూ నాన్చాను. అప్పట్నుంచీ కంటి మీద కునుకు లేదు. నువ్వు కేసేశావని తెలిశాకే పడుకున్నా."

అక్క బన్ను తుంచి సగం అతని చేతిలో పెట్టింది.

"గోడ లేచేదాకా కేసు వెనక్కి తీసుకోను అన్నయ్యా."

"తీసుకోకు," అన్నాడతను. "నా సంగతి నాకు తెలుసు."