అమ్మమ్మ గుటక

పుట్టినప్పుడు ఆ బిడ్డ బరువు పద్నాలుగు వందల గ్రాములు. విడతకు పట్టవలసినవి పదిహేను మిల్లీలీటర్ల తల్లిపాలు. ఆ పాలు పెనుగొండ అవతలి పల్లెనుంచి ఐసుపెట్టెలో, బస్సు మీద గంటన్నర ప్రయాణం చేసి, రాజమండ్రిలోని మా శిశువుల వార్డుకు చేరేవి.

పట్టేది బిడ్డ అమ్మమ్మ. ఉగ్గుగిన్నె కొసను వాడి పెదవికి ఆనించి, చుక్క లోపలికి జారగానే ఆవిడ తానే గుటక వేసేవారు.

"మామ్మగారూ, తాగేది మీరా, మనవడా?" అని నర్సు నవ్వేది.

"నేను మింగి చూపిస్తేనేనమ్మా వాడికి తెలిసేది!"

అంత ఓపికగా పాలు పట్టినవారిని డాక్టరుగా నేను అరుదుగా చూశాను. అయితే బిడ్డ చీకడం నేర్చుకోవాలన్నా, తల్లికి పాలు నిలవాలన్నా ఇద్దరూ ఒకచోట ఉండాలి. రోజూ అడిగేవాణ్ని.

"మీ అమ్మాయిని తీసుకురండి."

"పచ్చి బాలింతండీ, గాలి తగుల్తుంది. ఇరవై ఒకటో రోజు నీళ్లు పోశాక తెస్తానండీ. అందాకా నేనున్నాను కదండీ."

సీసాలో పాలు రోజురోజుకూ తగ్గాయి. చివరికి డబ్బాపాలు మొదలుపెట్టాం.

స్నానమైన మర్నాడు తల్లి వచ్చి బిడ్డను రొమ్ముకు ఆనించుకుంది. వాడు రెండుసార్లు చీకి, ఏమీ రాక, అమ్మమ్మ గొంతు వినిపించినవైపు తల తిప్పి నోరు తెరిచాడు. ఆవిడకు ఆనాడు గుటక పడలేదు.

"నీ పాలు నేనే ఎండగట్టేశానా తల్లీ?" అన్నారు కూతురితో.

తర్వాత ఎంతో ప్రయత్నించాం. ఇంటికి వెళ్లేనాటికి బిడ్డ బరువు పద్దెనిమిది వందల గ్రాములు. గిన్నెతో తాగడం బాగా వచ్చింది. తల్లిపాలు తిరిగి రాలేదు.