అణియం దగ్గర అందించే గ్లాసు

ముందుగా ఒక మాట అండి. నేను మూడో తరగతి దాకా చదివాను. బోటు నడపడం వచ్చు గానీ రాయడం ఇదే మొదలు. ఒత్తులు తప్పుతాయి, మాట ముందూ వెనకా అవుతుంది. నవ్వొస్తే నవ్వుకోండి గానీ చదవడం మాత్రం ఆపకండి.

నా పేరు అప్పారావు. మరబోట్ల మీద సరంగుగా చేసి, మోకాళ్లు పట్టేశాక మానేశాను. సరంగు అంటే బోటు నడిపే పెద్ద. అతని తర్వాత ఇంజను చూసే డ్రైవరు, ఆ తర్వాత వల లాగే కళాసీలు, అందరికన్నా కింద వంట కుర్రాడు. ఇప్పుడు రాసేది కొన్నేళ్ల కిందటి సంగతి. వేసవిలో వేట నిషేధం ఎత్తేసిన జూన్ నెలలో, యానాం దగ్గరి మా రేవులో ఒక కొత్త బోటుకు నన్ను సరంగుగా పెట్టారు.

ఆ బోటుకు వంట కుర్రాడిగా సత్తిబాబు వచ్చాడు. పదహారేళ్లవాడు, పదో తరగతి తప్పాడు. వాళ్లమ్మ మంగమ్మది మా వీధే. గంపలో చేపలు అమ్ముతుంది. వాళ్ల నాన్న తాగి తాగి పోయాడు. మంగమ్మ రేవుకొచ్చి, "అన్నయ్యా, పని ఎంతన్నా చేయించుకో. ఆడి నోట్లో చుక్క మాత్రం పడనివ్వకు. ఒకణ్ణి తగలేశాను, చాలు" అంది. సరేనన్నాను.

మా రేవు బోట్లలో ఒక ఆచారం ఉంది. కట్టు విప్పేముందు అణియం దగ్గర, అంటే బోటు ముందు భాగాన, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొడతాం. ఒక సీసా విప్పి తల్లికి నాలుగు చుక్కలు పోస్తాం. మిగిలింది పెద్ద కళాసీ గ్లాసులో పోసి, వల మీద పనిచేసేవాళ్లకు వరసగా అందిస్తాడు. వంట కుర్రాడికి ఆ వరసలో చోటు లేదు. ఏ రోజు గ్లాసు అందుతుందో ఆ రోజు నుంచి వాడు కళాసీ. గరిటె వదిలి వల తాడు పట్టుకుంటాడు. మొదటి గ్లాసు మందు మీద ఆశతో ఎవడూ పట్టుకోడండి. ఆ తాడు కోసం పట్టుకుంటాడు.

వానలు ముదిరాక ఒక కళాసీ వేరే బోటుకు వెళ్లిపోయాడు. ఆ చోటు సత్తిబాబుకు వచ్చింది. పెద్ద కళాసీ పోలయ్య గ్లాసు నింపి వాడికి చాచాడు. నేను మధ్యలో అందుకుని నీళ్లలో పారబోసి, అమ్మవారికి కొట్టిన కాయలోని నీళ్లు అందులో పోసి ఇచ్చాను.

"ఇదేంటి మావా, జ్వరమొచ్చినోడికి పట్టించినట్టు!" అన్నాడు పోలయ్య.

"కాస్త బార్లీ కూడా కలపమంటావేంట్రా సత్తిగా?" అన్నాడు డ్రైవరు.

అందరూ నవ్వారు. సత్తిబాబు తల దించుకుని తాగాడు. ఈ బోటు మీద కళాసీ కావడానికి ఇది చాలన్నాను. సరంగు మాటకు బోటు మీద ఎదురు లేదు. ఆ ట్రిప్పంతా వాడు తాడు లాగాడు. చేతులు బొబ్బలెక్కినా మొహం వెలిగిపోతూనే ఉంది.

కానీ చేప పడలేదు. తర్వాతి ట్రిప్పులో అడుగున రాయి తగిలి వల చిరిగింది. ఆ రోజుల్లో నీటి వాటం బాగాలేదు, పక్క బోట్లదీ అదే గతి. మావాళ్లకు మాత్రం కొబ్బరినీళ్లే కనబడ్డాయి. తల్లికి కోపం వచ్చిందన్నారు. పోలయ్య సత్తిబాబును "ఏరా పాలబుడ్డీ" అని పిలవడం మొదలెట్టాడు.

ఓనరు గారు కబురు పెట్టారు.

"ఆళ్ల ఆచారం ఆళ్లని చేసుకోనీవయ్యా అప్పారావూ. గ్లాసుడికి ఏమైపోద్ది?"

"మీ అబ్బాయిదీ అదే వయసు కదండీ. మీరు పోస్తారేంటండి?"

"మావోడు చదువుకునేవోడయ్యా. ముట్టుకుంటే కాళ్లిరగ్గొడతాను. ఈడు సముద్రం మీద బతికేవోడు."

ఇష్టం లేకపోతే ఇంకో సరంగును చూసుకుంటానన్నారు. దిగిపోయాను.

సత్తిబాబునూ దిగమన్నాను. మంగమ్మ రేవులో వాడి చొక్కా పట్టుకుని లాగింది. "దిగితే ఏ బోటెక్కినా మళ్లీ గరిటే కదా మావయ్యా. ఇక్కడ ఎంత లాగినా నన్నింకా వంటోడనే అంటన్నారు" అన్నాడు. వాళ్లమ్మ చెయ్యి విడిపించుకుని ఎక్కేశాడు. పోలయ్య గ్లాసు అందించాడు. మేమిద్దరం చూస్తుండగానే తాగి దగ్గాడు. బోటు మీదవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ ట్రిప్పులో వల నిండా చేప పడింది. నీటి వాటం మారి అన్ని బోట్లకూ పడింది. అయినా ఇంక నా మాట ఎవరు వింటారు?

సత్తిబాబుకు బోటు మీద గ్లాసు కాస్తా గట్టు మీద సీసా అయింది. యానాంలో మందు చవక, బండి మీద పోయి తెచ్చుకోవడమే. మంగమ్మ ఇప్పటికీ గంప మోస్తూనే ఉంది. నేను కనబడితే పలకరిస్తుంది గానీ ఆగదు.

ఈ ఏడు నిషేధం ఎత్తేశాక రేవుకు వెళ్లాను. అదే బోటు. పోలయ్య మానేశాడట, అణియం దగ్గర సీసా పట్టుకుని సత్తిబాబు ఉన్నాడు. పాతికేళ్లు కూడా లేవు, చెయ్యి వణికి సగం మందు చెక్క మీదే ఒలుకుతోంది. ఎదురుగా మీసం కూడా రాని కుర్రాడు.

"ఆడికొద్దురా సత్తిబాబూ" అన్నాను.

"నాకడ్డం పడి ఏం చేశావు మావయ్యా? పాలబుడ్డీ అనిపించావు" అన్నాడు.

గ్లాసు అందించాడు. కుర్రాడు తాగేసి, మూతి తుడుచుకుని తాడు దగ్గరికి వెళ్లాడు.

మత్తు ముట్టుకోబోమని బడిలో పిల్లల చేత ప్రమాణం చేయిస్తున్నారు. మంచిదే. ఆ ప్రమాణం ముందు బోటు ఓనర్ల చేత, పెద్ద కళాసీల చేత చేయించాలి. పనిలో చోటిచ్చే చెయ్యే మందు కూడా ఇస్తుంటే కుర్రాడు రెండూ పుచ్చుకుంటాడు. నేను గ్లాసులోది మార్చాను. అందించే చేతిని మార్చడం ఒక్క సరంగు వల్ల కాలేదు. నాకు తెలిసింది ఇంతే.

ఇందులో తప్పులు చాలా ఉంటాయండి. చేతకాక చేసినవే గానీ కావాలని చేసినవి కావు. మన్నించండి.